కంబళోడు ఊరు దాటడు

ఆటలాడినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఒకటి లోకంలో ఉంటుందని ఆ రోజుల్లో మా పాతపాళ్యలో ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మనివాడు మా నాన్న. వేరుశనగ పండించే మనిషి ఆయన. వాన వస్తుందని రేడియో ఎంత చెప్పినా, బయటికి వచ్చి ఒకసారి ఆకాశం చూసుకుంటేగాని విత్తనాల మూట విప్పడు. అలాంటి మనిషితో, బి.సి.ఎ. చదివిన కూతురు చిక్కబళ్ళాపురంలో ఒక గదిలో కూర్చుని పొద్దంతా వీడియో ఆట ఆడుతుందని, నెల తిరిగేసరికి దానికి జీతం కూడా ఇస్తారని చెబితే ఏమంటాడు? "అమ్మణ్ణీ, ఆడుకుంటే దుడ్డిస్తారా? యాడైనా ఉండాదా ఇది? ఉగాది లోపల కెలసం పర్మనెంటు కాలేదంటే వచ్చేసి బి.ఎడ్.లో చేరు, అంతే" అని బాగేపల్లి బస్టాండులో నన్ను బస్సెక్కిస్తూ పదిమందీ వినేలా చెప్పాడు. (మా వైపు ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అందుకే పని అనాల్సినచోట కెలసం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేను తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదాన్ని. ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకోండి.) బి.ఎడ్. అంటే నాకు ద్వేషమేమీ లేదు. కానీ ముప్పై మంది పిల్లలకు ఎదురుగా నిలబడి "సైలెన్స్" అని అరవడం నా వల్ల అయ్యే పని కాదు. కాబట్టి ఆ ఉద్యోగం పర్మనెంటు కావడం నాకు చావుబతుకుల సమస్య అని, కాస్త ఎక్కువ చేసి, నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఇంతకీ మా కంపెనీ చేసే పని ఏమిటంటే, ఒకప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాత సాహసాల ఆటలను తీసుకుని, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న యంత్రంలో నడిచేలా తయారు చేయడం. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే అదొక పెద్ద ఇంటి సామానంతా రెండు గదుల ఇంట్లోకి మార్చడం లాంటిది. ఏదీ పారేయకూడదు, ఏదీ ఇరుకుగా కనిపించకూడదు. టీవీ మీద బాగా కనిపించిన అక్షరాలు ఇక్కడ చీమల్లా అయిపోతాయి. అక్కడ రెండు చేతులకూ నిండుగా ఉన్న బటన్లు ఇక్కడ సగమే ఉంటాయి. పైగా అప్పటివాళ్ళు ఆ ఆటను సెలవురోజు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని ఆడితే, ఇప్పటివాళ్ళు బస్సులో రెండు స్టాపుల మధ్య ఆడతారు. డ్రిప్పు పైపులు అమ్మే దుకాణం మీద మూడు గదులు మా ఆఫీసు. యజమానికి ద్రాక్షతోట ఉండడం వల్ల మేం ఆయనను చాటుగా 'ద్రాక్ష సార్' అనేవాళ్ళం. ప్రోగ్రాములన్నీ రాసేవాడు బాగేపల్లి నుంచి వచ్చిన ఒక అన్న. యంత్రంలో జ్ఞాపకశక్తి చాలదు, చాలదు అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొణుగుతాడు కాబట్టి అతను 'మెమరీ అన్న'. (తన టిఫిన్ డబ్బా మాత్రం వారానికి రెండుసార్లు బస్సులో మరిచిపోయేవాడు.) నా పని, అతను చేసింది ఆడి చూసి, ఎక్కడ తప్పుందో చెప్పడం. అంటే ఒక మనిషి రోజంతా కష్టపడి చేసిన వంటలో ఉప్పు తక్కువైందని చెప్పే ఉద్యోగం. మంచిపేరు రావడానికి వీలే లేదు.

ఆ ఏడాది మా చేతికి వచ్చిన ఆట చాలా పాతది, పేరున్నది. కథ చిన్నదే. ఒక ఊళ్ళో గంట పోతుంది. నీలం రంగు దుప్పటి లాంటిదేదో భుజాన వేసుకున్న కుర్రవాడు దాన్ని వెతకడానికి బయల్దేరతాడు. ఊరి చివర ఒక గేటు, గేటు దగ్గర ఈటె పట్టుకున్న కావలివాడు. ఎవరు బయటికి పోతున్నా వాడు "ఆగు! ఎక్కడికి పోతున్నావు?" అని ఇంగ్లీషులో అడుగుతాడు. మనం ఒక బటన్ నొక్కితే పక్కకు తప్పుకుంటాడు, అప్పుడు అడవులూ కొండలూ గుహలూ మొదలవుతాయి. వెనక ఊళ్ళో ఆ కుర్రవాడి ఇల్లు ఉంటుంది. ఇంట్లో వాళ్ళమ్మ ఉంటుంది. ఎప్పుడు లోపలికి వచ్చినా ఆమె ఒకే మాట అంటుంది: "వచ్చావా? కాసేపు కూర్చో." మంచం మీద కూర్చుంటే, ఆట ఎక్కడిదాకా వచ్చిందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఆట తెలిసినవాళ్ళెవరూ ఆ ఇంట్లో నిలబడరు. మేమైతే యంత్రం చేతికి రాగానే కుర్రవాణ్ణి ఇంట్లోంచి పరిగెత్తించి, కావలివాడి మాట పూర్తికాకముందే బటన్ నొక్కి, అడవిలో పడేవాళ్ళం.

అంతా బాగుందనుకుని ఆటను దాని అసలు హక్కుదారులకు పంపాం. వాళ్ళు సముద్రం అవతల ఉంటారు. పది రోజులకు జవాబు వచ్చింది: ఊరి గేటు దగ్గర ఆట ఒక్కోసారి ఆగిపోతోంది, బొమ్మ బిగుసుకుపోతోంది, ఏ బటన్ నొక్కినా కదలడం లేదు. ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో వాళ్ళకూ తెలియదు. వచ్చే సోమవారం పదకొండింటికి ఫోను చేస్తామని, అప్పటికి కారణం చెప్పలేకపోతే పని ఇంకొకరికి ఇస్తామని మర్యాదగా రాశారు. అప్పటికి మా దగ్గర ఉన్న పని అదొక్కటే. ద్రాక్ష సార్ నన్ను పిలిచి, "చూడమ్మా, తప్పు చేసేది ఆ అన్న కెలసం, కనుక్కొనేది నీ కెలసం. నువ్వు కనుక్కోలేదంటే మనకిద్దరికీ తోటే గతి. నాదైతే ద్రాక్షతోట. నీదేమి తోట?" అని అడిగారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం బి.ఎడ్. కాలేజీ గేటు కళ్ళముందు కనిపించింది. అప్పటి నుంచీ మేం ఆ గేటును వదలలేదు. గేటు ముందు గెంతాం, గేటు పక్క గోడకు గుద్దుకున్నాం, కావలివాణ్ణి కత్తితో పొడిచాం (వాడు చావడు, చావడానికి వాణ్ణి చేయలేదు). ఆట ఆగలేదు. అది ఆగితే ఏడుస్తారని తెలుసుగాని, ఆగకపోయినా ఏడవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఈ గొడవలోనే చింతామణిలో మా పెద్దమ్మ మిద్దెమెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మా అమ్మకు అక్క ఆమె. పిల్లలు లేరు. పెద్దనాన్న టమాటా మండీలో పని చూసుకుంటాడు, తెల్లవారకముందే పోతే మధ్యాహ్నం దాటితేగాని రాడు. "నువ్వు చింతామణిలో ఉండి ఆఫీసుకు పోయిరా, దానికి తోడుగా ఉంటావు" అని అమ్మ ఫోనులో తీర్మానించింది. అలా నేను రోజూ చింతామణిలో బస్సెక్కి, శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ వాసన పీల్చి, చిక్కబళ్ళాపురంలో దిగి, సాయంత్రం అదే దారిన వెనక్కి వచ్చేదాన్ని. పెద్దమ్మ మంచం మీద కూర్చుని, కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, ఎప్పుడు వస్తానా అని చూస్తూ ఉండేది. ఒక్క క్షణం ఊరికే కూర్చున్న మనిషి కాదు ఆమె. ఊరికే కూర్చోవాల్సి రావడం వల్ల కాలికంటే నోటికి ఎక్కువ పని పెట్టింది. "ఏందమ్మణ్ణీ, ఇంటికొచ్చినా ఆ డబ్బీ పట్టుకోని కూర్చుంటావు, ఏముండాది అందులో?" అని అడిగేది. పని అంటే, "పనంటే చేతులన్నా మురికి కావాల, వళ్ళన్నా అలవాల. నీకు రెండూ కాలేదే" అనేది. శనివారం సాయంత్రం నాకు విసుగొచ్చి, ఇంకో యంత్రం సంచీలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. "నన్ను అడిగేదానికంటే నువ్వే ఆడి చూడు పెద్దమ్మా."

ఆమె కన్నడం నాలుగో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. కాబట్టి తెర మీద మాటలన్నీ నేను చెప్పాల్సి వచ్చింది. బటన్లు నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువసేపు పట్టలేదు. (ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి.) "ఈ పిల్లోడెవరు? ఎండాకాలంలో కంబళి కప్పుకోని ఉండాడే, చలిజ్వరమా?" అంది. అది కంబళి కాదని చెప్పబోయి, మరేమిటో నాకూ తెలియక ఊరుకున్నాను. ఆ క్షణం నుంచీ అతను 'కంబళోడు'. వాళ్ళమ్మ మాట నేను చెప్పగానే పెద్దమ్మ ముఖం విప్పారింది. "ఈ తల్లి మంచిది. యాడికి పోయినావు, ఎందుకింత సేపాయె అని అడగలేదు చూడు" అని మెచ్చుకుంది. తర్వాత కంబళోణ్ణి మెల్లగా, రోడ్డు దాటించినంత జాగ్రత్తగా, ఊరి గేటు దాకా నడిపించింది. కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఏమంటాండాడు వీడు?"

"ఆగు, యాడికి పోతాండావు అంటాడు."

పెద్దమ్మ యంత్రాన్ని ఒళ్ళో దించేసి నా వైపు చూసింది. "పోయేవాణ్ణి ఎదురుగా నిలబడి యాడికని అడుగుతాడా? ఈటె పట్టుకుంటే చాలునా, ఇంగితం వద్దా?"

"ఆట పెద్దమ్మా అది. ఆ కిందది ఒత్తు, పక్కకు పోతాడు."

"ఒత్తేది నాకు తెలుసులే. పిల్లోడు మంచి పనికి పోతాండాడు. వీడు నోరు పెట్టినాక అట్లే పంపించేస్తారా ఎవురన్నా?" అని, కంబళోణ్ణి వెనక్కి తిప్పింది. వచ్చిన దారంతా నడిపించి, ఇంట్లోకి తీసుకుపోయి, మంచం మీద కూర్చోబెట్టింది. ఇల్లు వదిలేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే లోపలికి వచ్చి, ఒక నిమిషం కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరడం మా ఇళ్ళన్నిటిలో ఉన్నదే. మీ ఇళ్ళల్లోనూ ఉండి ఉంటుంది. కానీ ఒక వీడియో ఆటలో బొమ్మకు ఆ మర్యాద జరగడం నేను చూడడం అదే మొదలు. "నీళ్ళు యాడుండాయి?" అని అడిగింది. ఆటలో నీళ్ళుండవన్నాను. "మూలన కుండ ఉండాది కదా?" అది ఉత్త బొమ్మ, తాగడానికి రాదన్నాను. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, మంచం పక్కనున్న చెంబు ఎత్తి తానే ఒక గుక్క తాగింది. "వాని పేరు చెప్పి నేను తాగితినిలే. ఇంక పో నాయనా" అని కంబళోణ్ణి మళ్ళీ బయల్దేరదీసింది.

గేటు దగ్గర కావలివాడు మళ్ళీ అడిగాడు. అడగక ఏం చేస్తాడు పాపం, వాడికి నేర్పిందే ఆ ఒక్క మాట. పెద్దమ్మ మళ్ళీ వెనక్కి. మళ్ళీ మంచం, మళ్ళీ చెంబు. నేను నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి వెళ్ళి నా యంత్రంలో గేటును కొట్టే పనిలో పడ్డాను. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక చూసినా అదే. వంటచేస్తూ తొంగిచూసినా అదే. కంబళోడు ఊరు దాటలేదు. "వాడు అట్లే అడుగుతాడు పెద్దమ్మా, ఎన్నిసార్లు పోయినా అడుగుతాడు" అని బతిమాలాను. "అడగనీ. వానికి సిగ్గొచ్చేదాకా నేనూ పోతా" అంది. ఆమె మొండితనం నాకు కొత్త కాదు. కొత్తదల్లా ఏమిటంటే, అన్ని గుక్కల నీళ్ళు తాగాక కాలు విరిగిన మనిషిని పెరట్లోకి నడిపించుకుపోయి నడిపించుకు రావాల్సింది నేనే అని తెలిసిరావడం. దారిలో నా భుజం పట్టుకుని నడుస్తూ ఒక మాట అంది. "అమ్మణ్ణీ, వానికి మాట నేర్పినోళ్ళు మీకు తెలిసినోళ్ళే కదా. చెప్పు వాళ్ళకి. పోయేవాళ్ళని యాడికని అడగొద్దు, ఎప్పుడొస్తావని అడగమను. ఇంట్లో ఉండేవాళ్ళకి కావాల్సింది అదొకటే."

సరేలే చెబుతానన్నాను. ఆ మాట నేను అప్పుడు వినలేదు, విన్నట్టు తల ఊపానంతే. నా బుర్రనిండా సోమవారమే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దనాన్నకు అన్నం పెడుతున్నాను. లోపలి నుంచి పెద్దమ్మ కేక: "అమ్మణ్ణీ, కావలోడు నోరు మూసుకున్నాడు! సిగ్గొచ్చింది వానికి!" పరుగెత్తుకుంటూ పోయి చూశాను. కంబళోడు గేటు ముందు ఒక కాలు గాల్లో పెట్టి నిలబడిపోయాడు. కావలివాడు ఈటె సగం ఎత్తి బిగుసుకుపోయాడు. బటన్లు నొక్కాను, కదల్లేదు. నేను పెద్దమ్మను పట్టుకుని కాలి సంగతి కూడా మరిచిపోయి ఊపేశాను. "ఏం చేస్తివి? ఏం ఒత్తితివి?" అంటే, "నేనేమీ పాడు చెయ్యలేదమ్మా, ఇంట్లో కూర్చోబెట్టి పంపిస్తిని, అంతే" అని ఆమె బెదిరిపోయింది. తన వల్ల నా ఉద్యోగం పోయిందనుకుంది పాపం. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. పెద్దనాన్న చేతిలో ముద్దతో గుమ్మంలో నిలబడి, ఈ ఇంట్లో ఎవరికి ఏమైందో తెలియక మా ఇద్దర్నీ మార్చిమార్చి చూస్తున్నాడు.

బిగుసుకుపోయిన ఆ యంత్రాన్ని అలాగే ఆఫీసుకు తీసుకుపోవాలని నా ఆలోచన. సోమవారం పొద్దున దాన్ని చార్జింగు తీగలోంచి ఊడదీసి (తీగ తీస్తే గంటకు మించి నిలవదు), రెండు చేతులతో పట్టుకుని వీధిలోకి దిగాను. ఎదురింటి ఆమె ముగ్గు వేస్తూ తలెత్తి, "యాడికమ్మా ఇంత బిరీన?" అంది. అంతే. లోపలి నుంచి "అమ్మణ్ణీ, రా లోపలికి!" అని వినబడింది. బస్సుకు టైమైందన్నాను. బస్సులు వస్తా పోతా ఉంటాయంది. వెనక్కి వచ్చి మంచం అంచున కూర్చుని నీళ్ళు తాగాను. బస్సు పోయింది. తర్వాతి బస్సులో పట్టుగూళ్ళ మూట ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కన సీటు దొరికింది. నేను నా చేతుల్లోని యంత్రం వైపు, ఆయన తన మూటవైపు కళ్ళార్పకుండా చూసుకుంటూ కూర్చున్నాం. శిడ్లఘట్ట దాటగానే యంత్రంలో చార్జింగు అయిపోయి తెర నల్లబడింది. ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది. నీళ్ళు తాగిన ఆ రెండు నిమిషాలను, వాటితో పాటు మా వంశంలో ఆ ఆచారం పెట్టినవాళ్ళందర్నీ చిక్కబళ్ళాపురం వచ్చేదాకా మనసులో తిట్టుకున్నాను.

ఆఫీసులో నా మాట మెమరీ అన్న నమ్మలేదు. "ఇంట్లోకి ఎందుకు పోతారమ్మా అన్నిసార్లు? ఆటలో ఆ ఇంట్లో ఏముండాది?" అన్నాడు. అమ్మ ఉంది అన్నాను. ఫోను రావడానికి ఇంకా గంటకు పైగా ఉంది. ద్రాక్ష సార్ నా వెనక నిలబడ్డారు. నేను పెద్దమ్మ చేసినట్టే చేశాను: గేటు, వెనక్కి, ఇల్లు, మంచం, మళ్ళీ గేటు. పెద్దమ్మ కాబట్టి దారంతా నడిపించింది, నేను పరిగెత్తించాను. అందరికీ చేతులు నొప్పి పుట్టి, ఒకరి తర్వాత ఒకరం అందుకున్నాం. సార్ అయితే, కూర్చున్న ప్రతిసారీ "నీళ్ళు తాగాల్నా?" అని నిజంగానే అడిగారు. చివరికి మెమరీ అన్న చేతిలోనే కంబళోడు కాలు గాల్లో పెట్టి నిలబడిపోయాడు. అన్న ముఖంలో రంగు మారింది. తన ప్రోగ్రాము తెరిచి కాసేపు చూసి, తలపట్టుకున్నాడు. పాత యంత్రంలో ఇంటి తలుపు తీసిన ప్రతిసారీ కాసేపు ఆగాల్సి వచ్చేది. ఆ ఆలస్యం లేకుండా ఉండాలని అన్న ఒక చిట్కా చేశాడు. దాని ఫలితం ఏమిటంటే, లోపలికి వచ్చిన ప్రతిసారీ కొత్తగా ఒక ఇల్లు తయారవుతోంది, పాత ఇల్లు పోవడం లేదు. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ కొత్త చాప పరిచి, పాత చాప చుట్టకుండా వదిలేసినట్టు. ఇళ్ళ మీద ఇళ్ళు పేరుకుని, చోటు చాలక, గేటు దగ్గర ఊపిరాడక ఆగిపోతోంది. మేం వారమంతా గేటును తన్నాం. తప్పు ఇంట్లో ఉంది.

పదకొండింటికి ఫోను వచ్చింది. తప్పు దొరికిందని సార్ చెప్పారు. ఎలా దొరికిందని అవతలాయన అడిగాడు. సార్ ఫోను నా వైపు తోశారు. నేను నా బి.సి.ఎ. ఇంగ్లీషులో, మా వైపు బయటికి పోయేవాళ్ళను ఎక్కడికని అడగరాదని, అడిగితే వెనక్కి వచ్చి కూర్చుని నీళ్ళు తాగాలని, మా పెద్దమ్మకు కాలు విరిగిందని, కావలివాడికి ఇంగితం లేదని, నాకు గుర్తున్న వరుసలో చెప్పాను. లైను తెగిందేమోనని సార్ ఫోను తట్టి చూశారు. అప్పుడు అవతలాయన, తమ దగ్గర ఆట పరీక్షించే ఒకామె కూడా అస్తమానం ఇంట్లోకి వెళ్ళివస్తుందని, ఎందుకని అడిగితే ఆ తల్లి మాట ఇంకోసారి వినాలనిపించి వెళ్ళానని చెప్పిందని అన్నాడు. తమకు ఆగిపోయింది ఆమె చేతిలోనేనట. నాకు ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. సముద్రానికి అవతల, ముఖం ఎలా ఉంటుందో తెలియని మనిషి, "వచ్చావా, కాసేపు కూర్చో" అనే మాట కోసం పని మానుకుని ఇంటికి పోయి వస్తోంది. పాత ఆటలను జనం మళ్ళీ ఎందుకు కావాలంటారో నాకు ఆ రోజు అర్థమైంది. కత్తుల కోసం, గుహల కోసం కాదు. అదే చోట, అదే మనిషి, అదే మాట అంటుందని.

పని మా దగ్గరే నిలిచింది. నేను పర్మనెంటు అయ్యాను, అదీ ఉగాదికి ముందే. నాన్న ఆ ఉత్తరువు కాగితాన్ని తిప్పితిప్పి చూసి, "ఆడుకొనేదానికి సీలు కూడా వేసిచ్చినారే" అన్నాడు. మా ఆఫీసులో ఆ తర్వాత ఏ ఆట తయారైనా, బయటికి పంపేముందు దాన్ని పదేపదే ఇంటికి తీసుకుపోయి తీసుకురావడం ఒక నియమమైంది. దానికి 'పెద్దమ్మ పరీక్ష' అని పేరు. కొత్తగా చేరినవాళ్ళు అదేదో ఇంజనీరింగు మాట అనుకునేవాళ్ళు.

పెద్దమ్మకిచ్చిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. తీరిక చేసుకుని, కావలివాడి ప్రశ్న మార్చవచ్చా అని వాళ్ళకు రాశాను. ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదన్నారు. చిన్నప్పుడు ఆ గేటు దగ్గర ఆ ప్రశ్న విన్నవాళ్ళు మళ్ళీ అదే వినాలని వస్తారట. వాళ్ళు చెప్పిందీ న్యాయమే, పెద్దమ్మ చెప్పిందీ న్యాయమే. నాకు ఉద్యోగం నిలబెట్టిన మనిషి కంబళోణ్ణి ఊరు దాటించకుండా మంచం మీద కూర్చుని ఉంది. నేను బాగా ఆలోచించి, కొత్త యంత్రం తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. "చెప్పినాను పెద్దమ్మా వాళ్ళకి. మాట మార్చేసినారు. ఇప్పుడు ఎప్పుడొస్తావప్పా అని అడుగుతాడు" అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నేను చెవి గోక్కుంటానని మా అమ్మ అనేది. అందుకే రెండు చేతులూ కొంగులో దాచుకున్నాను. పెద్దమ్మ కంబళోణ్ణి గేటు దాకా నడిపించింది. కావలివాడు ఈటె అడ్డం పెట్టి, ఆ పాత ప్రశ్నే అడిగాడు. ఆమె తెర వైపు కాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "బిరీన వస్తాలేప్పా" అని కావలివాడికి జవాబు చెప్పి, బటన్ నొక్కింది. అడవి కనబడగానే "అబ్బా, ఎంత పచ్చగా ఉండాది!" అంది. కాలి కట్టు విప్పే రోజుకి ఆ కొండలు, గుహలు అన్నీ తిరిగి, ఊరి గంట తెచ్చి కట్టేసింది. అంత తెలివిగా మోసం చేయగలిగానని నేను చాలా ఏళ్ళు లోలోపల మురిసిపోయాను.

ఇప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. ఇంకా అదే పని, కాకపోతే పెద్ద ఆఫీసు. మొన్నామధ్య పెద్దమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. మా అపార్టుమెంటు గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టి, అందర్నీ అడిగినట్టే, "ఎల్లిగమ్మా?" అన్నాడు. ఎక్కడికమ్మా అని. పెద్దమ్మ ఆటో దిగబోయేదల్లా ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మణ్ణీ, వీడు ఈడికి కూడా వచ్చేసినాడే!" అంది. గార్డుకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ నాలుగు రోజుల్లో ఇద్దరికీ స్నేహం కుదిరింది. తిరిగి ఊరికి పోయే రోజు పొద్దున అతనే ఆమె సంచీ ఆటోలో పెట్టి, "మత్తె యావాగ బర్తీరమ్మా?" అని అడిగాడు. మళ్ళీ ఎప్పుడొస్తారని.

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూస్తివా? ఈయప్పకి ఎవురూ నేర్పకుండానే వచ్చింది. ఆ ఈటె పట్టుకున్నోనికి నేర్పించలేకపోతివే నువ్వు."

"నీకు తెలుసా?" అన్నాను.

"చదివేది రాకపోతే చూసేది కూడా రాదా అమ్మణ్ణీ? అవే అక్షరాలు, అదే వరుస. ఎన్నిసార్లు చూసింటిని వాటిని!"

"మరి గేటు దాటి ఎందుకు పోతివి?"

"నువ్వు చేతులు రెండూ కొంగులో దాచుకోని నిలబడి ఉంటివి. నేను పోకుంటే నీ ముఖం చిన్నబోతాది కదా" అని, ఆటోవాడితో పోనిమ్మంది.

ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. పెద్దమ్మను మోసగించానని ఇన్నేళ్ళు మురిసిపోయిన ఆ తెలివైన అమ్మాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని, బ్యాగు భుజాన వేసుకుని ఆఫీసుకు బయల్దేరబోతుంటే వెనక నుంచి గార్డు పలకరించాడు: "ఎల్లిగె మేడం?"

నేను వెనక్కి తిరిగి, మెట్లెక్కి, ఇంట్లోకి వెళ్ళి మంచం మీద కాసేపు కూర్చున్నాను. ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను.